రాజ్యాంగ మార్పుపై రెఫరెండం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీలో అంతటా "రెఫరెండం" అనే వాడాం. "ప్రజాభిప్రాయ సేకరణ" అంటే తెలుగులో సభ పెట్టి జనం గోడు వినడం కూడా అవుతుంది. ఇక్కడి విషయం అది కాదు. బ్యాలెట్ మీద అవునా కాదా అని అడిగి, ఆ లెక్కను బట్టి రాజ్యాంగాన్ని మార్చడం గురించి.

రాజ్యాంగం మార్చాలంటే రెఫరెండం తప్పనిసరా?

దేశాన్ని బట్టి ఉంటుంది. అమెరికా, జర్మనీ, భారతదేశం చట్టసభల ఓటుతోనే సవరించుకుంటాయి. ఐర్లండ్, ఆస్ట్రేలియా, స్విట్జర్లాండ్, డెన్మార్క్, జపాన్‌లలో జనం ఓటు లేకుండా రాజ్యాంగంలో అక్షరం కదలదు.

ఇటలీది మధ్యేమార్గం. సవరణను రెండు సభలూ రెండేసి సార్లు ఆమోదించాలి, రెండు ఓటింగుల మధ్య కనీసం మూడు నెలల ఎడం ఉండాలి. రెండోసారి రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటే కథ అక్కడితో ముగుస్తుంది. అంతకంటే తక్కువ మెజారిటీతో గట్టెక్కితే మాత్రం మూడు నెలల్లోగా 5 లక్షల మంది ఓటర్లు గానీ, ఏదైనా ఒక సభలో ఐదో వంతు సభ్యులు గానీ, ఐదు ప్రాంతీయ మండళ్లు గానీ రెఫరెండం కోరవచ్చు. అంటే ప్రతిపక్షాన్ని కలుపుకోలేని ప్రభుత్వమే జనం ముందుకు వెళ్లాల్సి వస్తుంది. ఓడిపోయే అవకాశం ఎక్కువున్న సవరణలే రెఫరెండం దాకా వస్తాయన్నమాట. ఇటలీ ఫలితాలు చదివేటప్పుడు ఇది మరచిపోకూడదు.

జపాన్‌లో రెండు సభల్లోనూ మొత్తం సభ్యుల్లో మూడింట రెండొంతుల మంది ఒప్పుకున్నాకే జనం దగ్గరికి వెళ్లాలి. 1947లో అమల్లోకి వచ్చిన ఆ రాజ్యాంగాన్ని ఇప్పటిదాకా ఒక్కసారీ సవరించలేదు.

పార్లమెంటులో అన్ని పార్టీలూ సరేనన్న సవరణను జనం ఎందుకు తిప్పికొడతారు?

అవును అనేవాళ్లంతా ఒకే పాఠానికి ఒప్పుకోవాలి. కాదు అనేవాళ్లకు ఆ బాధ లేదు. ఒకరికి మార్పు మరీ ఎక్కువనిపిస్తుంది, ఇంకొకరికి చాలదనిపిస్తుంది, మూడో మనిషికి ప్రభుత్వం అంటేనే ఒళ్లు మంట, నాలుగో మనిషికి విషయమే అర్థం కాలేదు. నాలుగు ఓట్లూ ఒకే కుప్పలో పడతాయి.

దీన్ని 1999లో ఆస్ట్రేలియాలో స్పష్టంగా చూడవచ్చు. దేశాధినేతగా ఉన్న బ్రిటన్ రాణి స్థానంలో, పార్లమెంటు మూడింట రెండొంతుల మెజారిటీతో నియమించే అధ్యక్షుణ్ని పెడదామన్నది ప్రతిపాదన. రాచరికం ఉండాలనేవాళ్లు సహజంగానే కాదన్నారు. రిపబ్లిక్ కావాలి గానీ అధ్యక్షుణ్ని మేమే ఎన్నుకోవాలి అనేవాళ్లలోనూ చాలామంది వాళ్లతో గొంతు కలిపారు. 55 శాతం దాకా "కాదు" పడింది. ఆ రెండు వర్గాలూ ఏ విషయంలోనూ ఏకాభిప్రాయానికి రానక్కర్లేకుండానే గెలిచాయి.

రెండో కారణం: ఏమీ మారకపోతే ఏమవుతుందో ఓటరుకు తెలుసు, మారితే ఏమవుతుందో తెలియదు. అందుకే ప్రత్యర్థులు తమ వాదన నిజమని నిరూపించనక్కర్లేదు, అనుమానం నాటితే చాలు. 2023లో ఆస్ట్రేలియా ఆదివాసీల ప్రాతినిధ్య సంఘంపై జరిగిన ఓటింగులో "తెలియకపోతే కాదనండి" అన్న నినాదం గట్టిగా వినిపించింది. 60 శాతం కాదన్నారు, ఆరు రాష్ట్రాలూ కాదన్నాయి.

గెలవాలంటే సగానికి ఒక్క ఓటు ఎక్కువైతే చాలదా?

ఐర్లండ్‌లో చాలు. 1995లో విడాకుల సవరణ 50.28 శాతంతో, కేవలం 9,114 ఓట్ల తేడాతో నెగ్గింది. చాలా దేశాల్లో మాత్రం దానిపైన ఇంకో గడప ఉంటుంది:

- కనీస హాజరు: ఓటర్ల జాబితాలో ఇంత శాతం మంది పోలింగుకు రావాలి. 2018లో రొమేనియాకు ఇది 30 శాతం.
- కనీస ఆమోదం: "అవును" ఓట్లు మొత్తం ఓటర్లలో ఇంత శాతం ఉండాలి. డెన్మార్క్‌లో ఇది 40 శాతం.
- డబుల్ మెజారిటీ: దేశం మొత్తంమీదా, రాష్ట్రాల వారీగానూ గెలవాలి. ఆస్ట్రేలియా, స్విట్జర్లాండ్ పద్ధతి ఇదే.
- పోలైన ఓట్లలో మూడింట రెండొంతులు: గ్రెనడా లాంటి కరీబియన్ దేశాల్లో ఉంది. అక్కడ 2016లోనూ 2018లోనూ సవరణలు ఓడిపోయాయి.

డెన్మార్క్‌లో గడప ఇదొక్కటే కాదు. పార్లమెంటు ఆమోదించాక సాధారణ ఎన్నికలు జరగాలి, కొత్త సభ కూడా అదే పాఠాన్ని మార్చకుండా ఆమోదించాలి, ఆ తర్వాతే రెఫరెండం.

ఇంట్లో కూర్చుని రెఫరెండాన్ని ఓడించడం ఎలా సాధ్యం?

వంద మంది ఓటర్లు ఉన్నారనుకోండి. కనీస హాజరు 50 శాతం. సవరణను బలపరిచేవాళ్లు 40 మంది, వ్యతిరేకించేవాళ్లు 25 మంది, పట్టనివాళ్లు 35 మంది. వ్యతిరేకులు నిజాయితీగా వచ్చి ఓటేస్తే హాజరు 65, ఫలితం 40–25, సవరణ నెగ్గుతుంది. అదే 25 మంది ఇంట్లో ఉండిపోతే హాజరు 40 దగ్గరే ఆగుతుంది. వచ్చిన 40 మందీ "అవును" అన్నా సవరణ చెల్లదు. ఆసక్తి లేక రానివాళ్లను వ్యతిరేకులు తమ ఖాతాలో వేసుకున్నారు.

రొమేనియాలో సరిగ్గా ఇదే జరిగింది. వివాహ నిర్వచనాన్ని బిగించే 2018 నాటి సవరణకు పోలైన ఓట్లలో 90 శాతానికి పైగా మద్దతు ఉంది. పోలింగు రెండు రోజులు పెట్టినా హాజరు 21 శాతం దగ్గరే ఆగింది.

దీనివల్ల ఇంకో చేటు కూడా ఉంది, దాని గురించి తక్కువ మాట్లాడతారు. బహిష్కరణ పిలుపు ఉన్న చోట పోలింగు కేంద్రానికి వెళ్లడమంటేనే ఎటు వేస్తున్నారో బయటపెట్టుకోవడం. రహస్య బ్యాలెట్ పేరుకే మిగులుతుంది.

కనీస ఆమోదం నిబంధన కొంత నయం. అక్కడ ఇంట్లో ఉన్నా, వచ్చి కాదన్నా ఫలితం ఒకటే కాబట్టి బహిష్కరణతో ప్రత్యేక లాభం లేదు. కానీ గడప ఎత్తు తప్పుగా పెడితే అదీ మింగేస్తుంది. 1939లో డెన్మార్క్‌లో గడప 45 శాతం. వేసినవాళ్లలో 91.9 శాతం అవునన్నారు. మొత్తం ఓటర్లలో అది 44.46 శాతమే అయింది, సవరణ పడిపోయింది. 1953లో 45.76 శాతంతో బొటాబొటిగా గట్టెక్కిన కొత్త రాజ్యాంగమే గడపను 40కి దించింది. యూరప్ మండలికి రాజ్యాంగ విషయాల్లో సలహాలిచ్చే వెనిస్ కమిషన్ 2007లో ఇచ్చిన నియమావళిలో ఈ రెండు రకాల గడపలూ వద్దనే చెప్పింది.

డబుల్ మెజారిటీ అసలు లెక్క ఏమిటి?

ఆస్ట్రేలియా రాజ్యాంగం 128వ సెక్షన్ ప్రకారం దేశం మొత్తంమీద మెజారిటీ రావాలి, ఆరు రాష్ట్రాల్లో కనీసం నాలుగింటిలోనూ రావాలి. మూడు–మూడు అయితే ఓటమే. కేంద్రపాలిత ప్రాంతాల ఓట్లు జాతీయ లెక్కలో మాత్రమే కలుస్తాయి. 1977లో రెండు సభలకూ ఒకేసారి ఎన్నికలు పెట్టాలన్న సవరణకు దేశంలో 62 శాతం మద్దతు వచ్చింది. క్వీన్స్‌లాండ్, పశ్చిమ ఆస్ట్రేలియా, టాస్మానియా కాదనడంతో ఓడింది. ఇప్పటిదాకా పెట్టిన 45 ప్రతిపాదనల్లో నెగ్గినవి 8. జాతీయ మెజారిటీ ఉండి కూడా రాష్ట్రాల దగ్గర ఆగిపోయినవి ఐదే. అంటే మిగతా ఓటములకు ఈ నిబంధన మీద నెపం వేయడానికి వీల్లేదు, అవి సూటిగా జనం దగ్గరే ఓడాయి.

స్విట్జర్లాండ్‌లో 26 కాంటన్లు (రాష్ట్రాల్లాంటివి) ఉన్నా ఆరింటికి అర ఓటే. మొత్తం 23, గెలవడానికి 12 కావాలి. 2020 నవంబరులో పెద్ద కంపెనీలు విదేశాల్లో చేసే పనులకు బాధ్యత మోపే ప్రతిపాదన 50.7 శాతం ఓట్లు తెచ్చుకుని, కాంటన్ల లెక్కలో ఓడింది.

ప్రచారకర్తలకు దీని అర్థం ఒకటే: పెద్ద నగరాల్లో ఇంకో లక్ష ఓట్లు కూడగట్టడం కంటే చిన్న రాష్ట్రంలో పది వేల ఓట్లు విలువైనవి కావచ్చు.

మార్పులన్నీ ఒకే ప్రశ్నగా పెడితే మంచిదా, విడివిడిగానా?

రాజకీయ బేరంలో ప్యాకేజీ పనికొస్తుంది. నీకు ఇది, నాకు అది అని నాయకులు సర్దుకుంటారు. బ్యాలెట్ దగ్గర అదే ప్యాకేజీ విషమవుతుంది. లెక్క చూడండి: అయిదు మార్పులున్నాయి, ఒక్కోటి వేరువేరుగా 12 శాతం మందికి అస్సలు గిట్టదు. విడివిడిగా పెడితే అయిదూ 88–12తో నెగ్గుతాయి. ఒకే ప్రశ్నగా కట్టి, గిట్టనివాళ్లు ప్రతిసారీ వేరే మనుషులైతే, 60 శాతం కాదంటారు. ఇంత శుభ్రంగా ఎక్కడా జరగదు గానీ నష్టం వెళ్లే దారి ఇదే.

కెనడాలో 1992 నాటి షార్లట్‌టౌన్ ఒప్పందం ఈ దారిలోనే పోయింది. సెనేట్ సంస్కరణ, ఫ్రెంచ్ మాట్లాడే క్యుబెక్ ప్రావిన్సు ప్రత్యేకత, ఆదివాసీల స్వపరిపాలన అన్నీ ఒకే మూటలో ఉన్నాయి. ప్రధాని, పది ప్రావిన్సుల ముఖ్యమంత్రులు సంతకాలు పెట్టారు. క్యుబెక్‌కు అతిగా ఇచ్చారని పశ్చిమాన, చాలినంత ఇవ్వలేదని క్యుబెక్‌లో తిరస్కరించారు. 54 శాతానికి పైగా కాదన్నారు.

ఇటలీలో రెండు ఓటింగులు పక్కపక్కన పెట్టి చూడండి. 2016లో సెనేట్‌ను 315 నుంచి 100కు కుదించడం, దాని అధికారాలు కోయడం, ప్రాంతాల అధికారాలు వెనక్కి తీసుకోవడం అన్నీ ఒకే ప్రశ్న. 59 శాతం కాదు. 2020లో ఒకే సంగతి అడిగారు: రెండు సభల్లో ఎన్నికైన సభ్యుల్ని 945 నుంచి 600కు తగ్గిద్దామా? 70 శాతం దాకా అవును.

విడదీస్తే చిక్కు లేదనీ కాదు. ఒకటి నెగ్గి ఇంకోటి ఓడినప్పుడు మిగిలిన ముక్క ఒంటరిగా పనిచేస్తుందా అని ముసాయిదా దశలోనే చూసుకోవాలి. ప్రశ్నలు మరీ ఎక్కువైనా కష్టమే. కొలంబియాలో 2003లో 15 ప్రశ్నలు పెట్టారు, 25 శాతం హాజరు గడపను దాటింది ఒక్కటే.

బ్యాలెట్ మీద ప్రశ్న ఎవరు రాయాలి? అదంత ముఖ్యమా?

ముఖ్యమే, అయితే అనుకున్నంత కాదు. ఐర్లండ్ బ్యాలెట్ మీద విషయమే ఉండదు. 2018లో గర్భస్రావ నిషేధాన్ని ఎత్తివేసే ఓటింగులో "గర్భస్రావం" అన్న మాటే లేదు. కింద పేర్కొన్న బిల్లులోని సవరణను ఆమోదిస్తారా అని ఒక వాక్యం, బిల్లు పేరు, రెండు గళ్లు. 66 శాతం అవునన్నారు, దేని గురించో తెలియక వేసినవాళ్లు లేరు.

తేడా వచ్చేది ప్రశ్న వ్యాపార ప్రకటనలా మారినప్పుడు. ఇటలీ 2016 బ్యాలెట్ మీద చట్టం శీర్షికనే ప్రశ్నగా అచ్చేశారు. ఆ శీర్షికలో సంస్థల ఖర్చు తగ్గించడం లాంటి తియ్యని మాటలున్నాయి. ప్రత్యర్థులు కోర్టుకెక్కారు, "ప్రశ్నే మోసం" అన్నది ప్రచారాంశమైంది. లాభం కంటే చెడ్డపేరే ఎక్కువ.

ఓటు గుర్తు గురించీ ముందే తేల్చుకోవాలి. ఆస్ట్రేలియాలో గడిలో అవును లేదా కాదు అని మాటే రాయాలి. రూలు తప్పి టిక్కు పెడితే "అవును" కింద లెక్కిస్తారు, ఇంటూ పెడితే అర్థం స్పష్టంగా లేదని పక్కన పెడతారు. పాత రూలే అయినా 2023లో పోలింగుకు ముందు దీనిపై పెద్ద రగడ జరిగింది.

సర్వేల్లో 60 శాతం మద్దతుంది. ధైర్యంగా వెళ్లవచ్చా?

వెళ్లకండి, ముందు ఆ 60 శాతం ఎంత గట్టిదో చూడండి. ప్రచారం మొదలవకముందు జనం చెప్పేది సూత్రంపై అభిప్రాయం. పోలింగు రోజు వేసేది పాఠం మీద ఓటు. ఆ రెంటి మధ్య "కాదు" పెరగడమే మామూలు.

ఐర్లండ్ విడాకుల కథ దీనికి పాఠ్యపుస్తకం లాంటిది. 1986లో ప్రచారం మొదలయ్యేటప్పుడు సర్వేల్లో "అవును" ముందుంది. అప్పుడు ప్రత్యర్థులు మతం కంటే ఇల్లూ పొలం గురించి ఎక్కువగా అడిగారు: భర్త మళ్లీ పెళ్లి చేసుకుంటే మొదటి భార్యకు వాటా ఉంటుందా, పిల్లల వారసత్వం ఏమవుతుంది? ప్రభుత్వం దగ్గర సిద్ధంగా జవాబు లేదు. 63.5 శాతం కాదన్నారు. తర్వాత తొమ్మిదేళ్లు ఆ జవాబులు తయారు చేయడానికే పట్టాయి. ఆస్తి, భరణం, భార్యాభర్తలు విడిగా ఉండటం మీద చట్టాలు ముందే తెచ్చారు. గత అయిదేళ్లలో నాలుగేళ్లు విడిగా ఉండి ఉండాలన్న షరతును మామూలు చట్టానికి వదలకుండా రాజ్యాంగంలోనే రాశారు. అంతా చేస్తే వచ్చింది పైన చెప్పిన 9,114 ఓట్లు. 2019లో ఆ షరతును తీసేయడానికి వెళ్తే 82 శాతం ఒప్పుకున్నారు.

ప్రచారంలో పని చేసేవాళ్లకు సూచన: సర్వేలో "మీరు సమర్థిస్తారా" అని ఒక్కటే అడగకండి. ప్రత్యర్థుల అతి బలమైన వాదన వినిపించి మళ్లీ అడగండి. ఆ రెండో అంకె మీదే లెక్క వేసుకోండి.

ప్రతిపక్షం ఒప్పుకోకపోయినా గెలవగలమా?

ఆస్ట్రేలియాలో ప్రధాన పార్టీలు రెండూ కలిసిరాకుండా నెగ్గిన సవరణ లేదు. కలిసొచ్చినంత మాత్రాన నెగ్గుతుందనీ లేదు. 1967లో ఒకే రోజు రెండు ప్రశ్నలు పెట్టారు. రెంటికీ పెద్ద పార్టీల మద్దతు ఉంది. ఆదివాసీలకు సంబంధించినది 90.77 శాతంతో నెగ్గింది. దిగువ సభ సంఖ్యను సెనేట్ సంఖ్యతో ముడిపెట్టిన నిబంధన తీసేద్దామన్నది 40 శాతం దగ్గరే ఆగింది. రాజకీయ నాయకుల సంఖ్య పెంచుకోవడానికే ఇదంతా అన్న ఒక్క మాట సరిపోయింది. 2024 మార్చిలో ఐర్లండ్‌లో కుటుంబం, సంరక్షణల మీద పెట్టిన రెండు సవరణలకూ ప్రధాన పార్టీలన్నీ మద్దతిచ్చాయి. కాదన్నవాళ్లు 67.7 శాతం, 73.9 శాతం.

పార్టీ మద్దతు రెండు రకాలు. తీర్మానంలో చేయెత్తడం ఒకటి, కార్యకర్తల్ని గడపగడపకూ పంపడం మరొకటి. రెండోది మాటిస్తేనే లెక్కలో వేసుకోవాలి.

ప్రధాని "ఓడితే దిగిపోతా" అంటే ఊపు వస్తుందా?

వస్తుంది, అవతలివాళ్లకు. సవరణ నచ్చినా ప్రభుత్వం నచ్చనివాళ్లకు ఒకే దెబ్బకు రెండు పిట్టలు దొరుకుతాయి. ఫ్రాన్స్ అధ్యక్షుడు ద గాల్ 1969 ఏప్రిల్ 27న సెనేట్, ప్రాంతాల సంస్కరణను తన పదవితో ముడిపెట్టారు. 52.4 శాతం కాదన్నారు, మర్నాడే దిగిపోయారు. ఇటలీ ప్రధాని రెంజీ 2016లో అదే తోవ తొక్కారు.

పౌరసభలతో ముసాయిదా రాయిస్తే గెలుపు ఖాయమా?

ఖాయం కాదు గానీ, జవాబు చెప్పాల్సిన ప్రశ్నలు ముందే బయటపడతాయి. పౌరసభ అంటే లాటరీలో తీసిన మామూలు పౌరులు కూర్చుని చర్చించే సభ. ఐర్లండ్ 2012–14 రాజ్యాంగ సమావేశం అలాంటిదే, అందులో వంద మంది: 66 మంది లాటరీలో తీసిన పౌరులు, 33 మంది రాజకీయ నాయకులు, ఒక అధ్యక్షుడు. 2015లో 62 శాతంతో నెగ్గిన స్వలింగ వివాహ సవరణ అక్కడి నుంచి వచ్చిందే. దేశాధ్యక్ష పదవికి కనీస వయసు 35 నుంచి 21కి తగ్గించే ప్రతిపాదనకూ అక్కడే పునాది పడింది. అదే రోజు దాన్ని 73 శాతం తోసిపుచ్చారు. 2024 సవరణల్లో మాత్రం ప్రభుత్వం తర్వాతి పౌరసభ సూచించిన మాటలు పక్కన పెట్టి తన పాఠం తాను రాసుకుంది. పౌరసభ పేరు చెప్పుకునే హక్కు అక్కడితో పోయింది.

మొదటి ఓటింగులో 78 శాతం, రెండో దానిలో ఓటమి. చిలీలో ఏమైంది?

ఓటర్లే మారారు. 2020 అక్టోబరులో కొత్త రాజ్యాంగం రాద్దామా అన్న ప్రశ్నకు ఓటు ఐచ్ఛికం, సగం మందే వచ్చారు. 2022 సెప్టెంబరులో తుది పాఠం మీద ఓటు నిర్బంధం, హాజరు 86 శాతం దాకా వెళ్లింది. మొదటిసారి దాదాపు 75 లక్షల మంది, రెండోసారి కోటీ ముప్పై లక్షల మంది. కొత్తగా వచ్చిన ఆ 55 లక్షల మంది ఏం కోరుకుంటున్నారో 155 మంది సభ్యుల ముసాయిదా సభకు తెలిసే వీలు లేదు. 388 అధికరణాల పాఠంలో ప్రతి ఒక్కరికీ వద్దనిపించేది ఒకటైనా ఉంది. 62 శాతం కాదన్నారు. 2023లో కుడిపక్షం వాళ్ల ఆధిపత్యంలోని మండలి రాసిన రెండో ముసాయిదాను కూడా 55.8 శాతం కాదన్నారు. 1980 రాజ్యాంగమే ఇప్పటికీ నడుస్తోంది.

ఓడిపోయాక మళ్లీ పెట్టవచ్చా?

చట్టం అడ్డు చెప్పకపోవచ్చు, జనం చెబుతారు. అదే పాఠం తెస్తే "మీకు నచ్చే జవాబు వచ్చేదాకా అడుగుతారా" అంటారు. యూరోపియన్ యూనియన్ పనితీరును మార్చే లిస్బన్ ఒప్పందాన్ని ఐర్లండ్ 2008లో 53 శాతంతో తిరస్కరించింది. ప్రభుత్వం కమిషనర్ పదవి, పన్నులు, తటస్థత వంటి వాటిపై యూరోపియన్ యూనియన్ నుంచి హామీలు తెచ్చి 2009లో మళ్లీ అడిగితే 67 శాతం ఒప్పుకున్నారు. కెన్యా 2005లో 58 శాతంతో ముసాయిదాను కాదంది. తగాదా అంశాలను నిపుణుల సంఘం తిరగరాశాక 2010లో మూడింట రెండొంతులకు పైగా అవునంది.

గెలిచాక ఇంకేమైనా అడ్డొస్తుందా?

సలహా రెఫరెండం అయితే అసలు పని అప్పుడే మొదలవుతుంది. ఐస్‌లాండ్‌లో 2012 అక్టోబరులో, పౌరుల మండలి రాసిన ముసాయిదా ఆధారంగా కొత్త రాజ్యాంగం కావాలని మూడింట రెండొంతుల మంది చెప్పారు. అక్కడ సవరణను ఒక పార్లమెంటు ఆమోదించి, ఎన్నికల తర్వాత కొత్త పార్లమెంటు మళ్లీ ఆమోదించాలి. మొదటి మెట్టే ఎక్కలేదు.

కట్టుబడాల్సిన రెఫరెండమైనా కోర్టు దగ్గర ఆగవచ్చు. ఒక పక్షం కోసం ప్రభుత్వ సొమ్ము ఖర్చు పెట్టకూడదని ఐర్లండ్ సుప్రీంకోర్టు 1995లో, విడాకుల పోలింగుకు వారం ముందు తేల్చింది. అయినా 2012 నవంబరు 10న పిల్లల హక్కుల సవరణకు ఓటింగనగా, రెండు రోజుల ముందు ప్రభుత్వ కరపత్రమూ వెబ్‌సైటూ తటస్థంగా లేవని అదే కోర్టు తప్పుపట్టింది. 58 శాతంతో సవరణ నెగ్గింది. ఫలితం ప్రకటించాక పిటిషన్ వేయడానికి ఏడు రోజులు గడువుంటుంది, ఒకరు వేశారు. ఆ కేసు తేలి అధ్యక్షుడి సంతకం పడేసరికి 2015 ఏప్రిల్ 28 వచ్చింది.